పదాలు బట్టీ పడితే ఫిల్లర్స్ రావు: ఖాళీలు, పేరా కంప్లీషన్ ప్రాక్టీస్ ఎట్లా చేయాలి?

అడిగిన ప్రశ్న: "అన్నా, హన్మకొండలో రూం తీసుకొని ఐబీపీఎస్ క్లర్క్ (బ్యాంకు పరీక్ష), ఎస్ఎస్‌సీ సీహెచ్ఎస్ఎల్ (ఇంటర్ స్థాయి కేంద్ర ఉద్యోగాల పరీక్ష) రెండిటికీ చదువుతున్న. డిగ్రీ దాకా తెలుగు మీడియం. రోజుకు యాభై పదాలు బట్టీ పడుతున్న, అయినా ఫిల్లర్స్ (ఇంగ్లిష్ వాక్యంలో ఖాళీ నింపే ప్రశ్నలు) పదింట్లో నాలుగైదే కరెక్ట్ అయితున్నయి. పేరా కంప్లీషన్ (పేరాలో ఖాళీగా ఉన్న వాక్యాన్ని ఎంచుకునేది) చూడకుండనే వదిలేస్తున్న. రెండు నెలల టైముంది. ఎట్ల ప్రాక్టీస్ చేయాలె? గ్రూప్-1 ఇంగ్లిష్ పేపర్‌కు గూడ ఇదే పనికొస్తదా?"

తమ్ముడూ, ఆ యాభై పదాల లిస్టు కొన్నాళ్లు పక్కన పెట్టు. నీకు తక్కువైంది పదాలు కాదు. నువ్వు తప్పు పెట్టిన ఫిల్లర్స్ ఒక పది ముందేసుకొని చూడు. చాలావాటిలో ఆప్షన్లన్నీ నీకు అర్థం తెలిసిన పదాలే ఉంటాయి. అర్థం తెలిసీ తప్పు పోతోందంటే లోపం వేరేచోట ఉంది.

ఖాళీలో ఏం రావాలో మిగతా వాక్యం ముందే చెప్పి ఉంటుంది. ప్రశ్న తయారు చేసేవాడు ఒక నిండు వాక్యం రాసుకొని అందులోంచి ఒక పదం పీకేస్తాడు. పీకిన చోట గుంత మిగులుతుంది. ఆ గుంత ఆకారం చూస్తే ఎట్లాంటి రాయి పీకాడో తెలుస్తుంది. మనవాళ్లు గుంతను చూడరు. ఇచ్చిన నాలుగు రాళ్లను ఒక్కొక్కటే అందులో పెట్టి చూస్తారు. అట్లా పెడితే నాలుగూ పట్టినట్టే ఉంటాయి, ఎందుకంటే పైపైన పట్టేవాటినే ఏరి ఆప్షన్లుగా ఇస్తారు. నువ్వు నేర్చుకోవాల్సిందల్లా గుంతను చదవడం. కింద చెప్పేదంతా దానికోసమే. ఇంగ్లిష్ వాక్యాలను తెలుగు అక్షరాల్లో రాస్తున్నా, పైకి చదువుకో. ఈ ప్రశ్నల్లో సగం పని చెవిదే.

మొదటి అలవాటు, ఆప్షన్లు మూసేయడం. పుస్తకంలో అయితే అరచెయ్యి అడ్డం పెట్టు, మాక్ టెస్ట్ అయితే స్క్రీన్ మీద ఓ కాగితం ముక్క. వాక్యం చివరిదాకా చదివి, ఖాళీలో రావాల్సిన మాటను తెలుగులోనే అనుకో. ఇంగ్లిష్ పదం తట్టకపోయినా ఫర్వాలేదు. అది మంచి మాటా చెడ్డ మాటా, పెరగడమా తగ్గడమా తేలితే చాలు. పక్కన ప్లస్సో మైనస్సో గీసి, అప్పుడు చెయ్యి తియ్యి. ఉదాహరణకు: "ఆల్దో ద రివర్ వాజ్ ఇన్ ఫ్లడ్, ద విలేజర్స్ రిమెయిన్డ్ ____." ఆప్షన్లు యాంగ్షస్, కామ్, హెల్ప్‌లెస్, అలర్ట్. ముందే ఆప్షన్లు చూస్తే వరద కనబడగానే చెయ్యి యాంగ్షస్ మీదికి పోతుంది. మూసి చదివితే 'ఆల్దో' ఆపుతుంది. వరద వచ్చింది, అయినా సరే... అంటే భయపడాల్సిన చోట భయపడలేదు. కామ్. పదం తెలియక పోగొట్టుకునే మార్కు కాదిది.

ఇట్లా వాక్యాన్ని మలుపు తిప్పే మాటలు ఓ పాతిక ఉంటాయి. బట్, దో, ఆల్దో, డిస్పైట్, హవెవర్ అందరికీ తెలుసు. దెబ్బ తీసేవి మామూలు మాటల్లా కనిపించేవి: ఫార్ ఫ్రమ్, రాదర్ దాన్, అన్‌లైక్, వాట్ వన్స్, సీమింగ్‌లీ, యెట్, వైల్. "ఫార్ ఫ్రమ్ బీయింగ్ ____, ద న్యూ రూల్ హాజ్ కన్‌ఫ్యూజ్డ్ ఎవ్రీవన్." దీనికి కాంప్లికేటెడ్ అని పెట్టేవాళ్లు కోకొల్లలు, వాక్యంలో కన్‌ఫ్యూజ్డ్ ఉంది కదా అని. 'ఫార్ ఫ్రమ్' అంటే "అట్లా ఉండటం మాట దేవుడెరుగు" అని. కాబట్టి క్లియర్ రావాలి. వైల్, సిన్స్ రెండేసి పనులు చేస్తాయి. వైల్ ఒకచోట "అదే సమయంలో", మరోచోట "అది అట్లా ఉంటే ఇది మాత్రం ఇట్లా". సిన్స్ ఒకచోట కాలం, మరోచోట కారణం.

కామా, కోలన్, సెమీకోలన్ కూడా మాటలే. కోలన్ తర్వాత వచ్చేది ముందున్న దానికి వివరణ. "హిజ్ స్పీచ్ వాజ్ ____: హి సెడ్ ఇన్ టెన్ వర్డ్స్ వాట్ అదర్స్ సే ఇన్ ఎ హండ్రెడ్." వంద మాటల్లో చెప్పేది పది మాటల్లో చెప్పాడు కాబట్టి కన్‌సైస్. ఇక్కడ ఎలొక్వెంట్ (అనర్గళంగా మాట్లాడే) అని ఎర వేస్తారు. స్పీచ్ పక్కన ఎలొక్వెంట్ వినడానికి జోడీ బాగానే ఉంటుంది, కానీ కోలన్ తర్వాతి ముక్కకు సమాధానం చెప్పదు. వాక్యంలో ఒక్క పదానికి నప్పడం వేరు, వాక్యం మొత్తానికి నప్పడం వేరు.

అర్థం కంటే ముందు చూడాల్సింది గ్రామర్. అది గేటు లాంటిది, చాలా ఆప్షన్లు అక్కడే ఆగిపోతాయి. ఖాళీకి ముందు 'యాన్' ఉంటే తర్వాత వచ్చే పదం అచ్చు శబ్దంతో మొదలవ్వాలి. హానెస్ట్ వస్తుంది, సిన్సియర్ రాదు. ఖాళీ తర్వాత ఉన్న ప్రిపోజిషన్ ఇంకా పెద్ద ఆధారం. 'టు' ఉంటే కన్‌డ్యూసివ్, ప్రోన్, అవర్స్ (ఇష్టం లేని), అకిన్. 'ఆఫ్' ఉంటే డివాయిడ్, కేపబుల్, బిరెఫ్ట్. 'ఎట్' ఉంటే అడెప్ట్. అందుకే పదాన్ని ఒంటరిగా నేర్చుకోకూడదు. "కన్‌డ్యూసివ్ అంటే అనుకూలమైన" అని రాసుకుంటే పరీక్షలో అక్కరకు రాదు. "కన్‌డ్యూసివ్ టు స్టడీ" అని రాసుకో. రోజుకు యాభై వద్దు, ఇట్లా జోడీతో సహా పది చాలు. ఆ పదీ నువ్వు ఆరోజు తప్పు పెట్టిన ప్రశ్నల్లోంచే రావాలి, వేరే లిస్టులోంచి కాదు.

ఇప్పుడు తెలుగు మీడియం వాళ్లకు ప్రత్యేకంగా పనికొచ్చే సంగతి. మన తప్పులు ఎటుపడితే అటు పోవు. తెలుగు ఎటు లాగితే అటే పోతాయి. అందుకని వాటిని ముందే పట్టుకోవచ్చు. కోచింగ్ మెటీరియల్ ఎక్కువగా హిందీ వాళ్లను దృష్టిలో పెట్టుకొని రాసింది కాబట్టి ఇది అందులో సరిగా దొరకదు.

'నుంచి' తీసుకో, మన దగ్గరి మాటలో 'సంది'. "రెండేండ్ల సంది కాజీపేటలో పనిచేస్తుండు" అంటాం, "2019 సంది పనిచేస్తుండు" అనీ అంటాం. రెండిటికీ సందే. ఇంగ్లిష్‌లో అట్లా కుదరదు. ఎంతకాలం అని కొలత చెబితే 'ఫర్', ఎక్కడ మొదలైందో చెబితే 'సిన్స్'. కాబట్టి ఫర్ టూ ఇయర్స్, సిన్స్ 2019. మన నోటికి సిన్స్ టూ ఇయర్స్ అని వస్తుంది, ఆప్షన్లలో సిన్స్ తప్పకుండా ఉంటుంది. ఖాళీ తర్వాత అంకెతో కాలపు కొలత కనిపిస్తే చెయ్యి ఆపి ఒక్క క్షణం చూడు.

'గురించి' ఇంకోటి. దేని గురించి చర్చించినా డిస్కస్ తర్వాత అబౌట్ రాదు. మన 'గురించి' దాన్ని లాక్కొస్తుంది. 'కన్నా' వల్ల సీనియర్ దాన్, ప్రిఫర్ దాన్ వస్తాయి. కావాల్సింది రెండుచోట్లా 'టు'. 'తో పెళ్లి' వల్ల మ్యారీడ్ విత్, కావాల్సింది 'టు'. 'మీద కోపం' వల్ల యాంగ్రీ ఆన్. మనిషి మీదైతే 'విత్'. 'తిరిగి' వల్ల రిటర్న్ బ్యాక్, బ్యాక్ అక్కర్లేదు. "వాళ్లల్లో ఒక ఫ్రెండ్" అనుకొని వన్ ఆఫ్ మై ఫ్రెండ్ అంటాం. ఫ్రెండ్స్ అనాలి, వెనక వచ్చే క్రియ మాత్రం ఏకవచనం. 'అయినా కానీ' అని జంటగా వాడే అలవాటుతో ఆల్దోకు బట్ తగిలిస్తాం. ఆల్దో ఉన్న వాక్యంలో బట్ రాదు. 'చదవకపోతే' అన్నదాంట్లో 'లేదు' కలిసే ఉంటుంది కాబట్టి అన్‌లెస్ తర్వాత ఇంకో నాట్ పెడతాం. అన్‌లెస్ లోనే నాట్ ఉంది. "అన్‌లెస్ యు వర్క్ హార్డ్" అంతే. కోప్ అప్ విత్ అని చాలామంది అంటారు, దానిలో అప్ లేదు.

ఇవి ఒక తెల్లకాగితం మీద మూడు వరుసల్లో రాసి గోడకు అంటించు. ఎడమవైపు తెలుగు మాట, కుడివైపు అది లాక్కొచ్చే తప్పు, దాని పక్కన సరైనది. ముప్పై దాకా పోగవుతాయి, అంతకు మించవు. నీ అంత చవకగా ఈ మార్కులు ఇంకెవరికీ రావు.

ఒక మాట వస్తే దాని వెనక ఫలానాదే రావాలనే వాక్యాలు కొన్ని కళ్లు మూసుకొని చెప్పగలగాలి. నో సూనర్ వస్తే దాన్. హార్డ్‌లీ, స్కేర్స్‌లీ వస్తే వెన్. "నో సూనర్ హాడ్ ద ట్రెయిన్ లెఫ్ట్ కాజీపేట దాన్ ఇట్ స్టార్టెడ్ రెయినింగ్." దీంట్లో 'హాడ్' ముందుకు రావడం కూడా అడుగుతారు. లెస్ట్ వస్తే షుడ్. ఇట్ ఈజ్ హై టైమ్ తర్వాత సబ్జెక్ట్ వస్తే క్రియ భూతకాలంలో. డిస్పైట్ తర్వాత నామవాచకమో ఐఎన్‌జీ రూపమో, ఆల్దో తర్వాత పూర్తి వాక్యం. ఈ చివరిది బ్యాంకు పరీక్షల్లో ఎక్కువసార్లు తగులుతుంది. రెండు వాక్యాలిచ్చి కలపమంటారు: "ద రోడ్ వాజ్ ఫ్లడెడ్. ద బస్ రీచ్డ్ ములుగు ఆన్ టైమ్." డిస్పైట్ ద ఫ్లడెడ్ రోడ్, సరైనది. ఆల్దో ద రోడ్ వాజ్ ఫ్లడెడ్, ఇదీ సరైనదే. డిస్పైట్ ద రోడ్ వాజ్ ఫ్లడెడ్, తప్పు. ఓయింగ్ టు ద ఫ్లడెడ్ రోడ్, గ్రామర్ బాగుంది, అర్థం తలకిందులు.

రెండు ఖాళీల ప్రశ్నలకు మనవాళ్లు భయపడతారు కానీ అవి ఒక ఖాళీ కంటే తేలిక. ఏదో ఒక ఖాళీతో రెండు మూడు ఆప్షన్లు పోతాయి. మొదటి ఖాళీతోనే మొదలుపెట్టాలని రూల్ లేదు. ఆధారం ఎక్కడ గట్టిగా ఉంటే అక్కడ మొదలుపెట్టు, చాలాసార్లు అది రెండోది. "ద కమిటీ ____ ద ప్రపోజల్ బికాజ్ ఇట్ వుడ్ ____ ద బర్డెన్ ఆన్ స్మాల్ ఫార్మర్స్." ఆప్షన్లు జోడీలుగా: (1) రిజెక్టెడ్ - రెడ్యూస్, (2) వెల్‌కమ్డ్ - యాగ్రవేట్, (3) రిజెక్టెడ్ - ఇంక్రీజ్, (4) అప్రూవ్డ్ - ఇన్‌ఫ్లిక్ట్, (5) డిస్కస్డ్ - కన్సోల్. బర్డెన్‌ను కన్సోల్ చెయ్యలేం, చివరిది ముందే పోయింది. బికాజ్ ఉంది కాబట్టి భారం పెరిగితే ప్రతిపాదన తోసేయాలి, తగ్గితే ఒప్పుకోవాలి. ఈ జోడీ కుదిరేది మూడోది ఒక్కటే. ఇన్‌ఫ్లిక్ట్ ద బర్డెన్ చెవికి బాగుంటుంది, కానీ పేద రైతు నెత్తిన భారం వేస్తుందని తెలిసి అప్రూవ్ చేసినట్టు అవుతుంది.

తెలిసిన పదం తెలియని అర్థంలో రావడం ఇంకో మోసం. 'చెక్' అంటే చూడటం అనుకుంటాం, "టు చెక్ ద ఫ్లడ్స్" అంటే వరదను అరికట్టడం. 'చాంపియన్' క్రియగా వస్తే ఒకదాని పక్షాన నిలబడి పోరాడటం. 'వాంటింగ్' అంటే లోటుగా ఉండటం. ఇట్లాంటివి ఎదురైనప్పుడల్లా రాసుకో, వెతుక్కుంటూ పోవాల్సిన పని లేదు.

ఇక పేరా కంప్లీషన్. నువ్వు వదిలేస్తున్నది ఇదే, నిజానికి నీకు తొందరగా మార్కులు తెచ్చేదీ ఇదే. దీనికి పదాలు తక్కువ చాలు, తర్కం కావాలి. ఎస్ఎస్‌సీలో ఇది ఈ రూపంలో రాదు, అక్కడ పేరా జంబుల్స్ (కలగలిపిన వాక్యాలను వరుసలో పెట్టడం), క్లోజ్ టెస్ట్ (పేరాలో అక్కడక్కడా పదాల ఖాళీలు) వస్తాయి. బ్యాంకుకూ, ఎంబీఏ ప్రవేశ పరీక్ష క్యాట్‌కూ చదివేవాళ్లకు తప్పదు. తర్కం కనబడాలని కింది పేరా తెలుగులోనే ఇస్తున్నా, పరీక్షలో ఇంగ్లిష్‌లో ఉంటుంది.

"కాకతీయుల కాలపు చెరువులు గొలుసుకట్టుగా ఉండేవి. పై చెరువు నిండి మత్తడి దుంకితే ఆ నీళ్లు కింది చెరువులోకి పోయేవి. అందువల్ల ఒక చెరువు కట్ట తెగితే నష్టం ఆ ఒక్క ఊరితో ఆగేది కాదు. ____."

ఒకటి: ఈ చెరువులన్నీ ఒకదానితో ఒకటి కలిసి ఉండేవి.
రెండు: పాఖాల, రామప్ప, లక్నవరం చెరువులను చూడటానికి నేటికీ పర్యాటకులు వస్తారు.
మూడు: కాబట్టి ఏ ఊరి చెరువును ఆ ఊరు బాగుచేసుకుంటే సరిపోదు, గొలుసు మొత్తాన్ని ఒకటిగా చూడాలి.
నాలుగు: అయితే బోర్లు వచ్చాక రైతులంతా చెరువులను పూర్తిగా వదిలేశారు.
ఐదు: ఇలాంటి రాతి కట్టడాలు కట్టడానికి ఎంతో నైపుణ్యం కావాలి.

ఒక్కోటి ఎందుకు పోతుందో చూడు, తప్పు ఆప్షన్ల రకాలన్నీ ఇందులో ఉన్నాయి. మొదటిది చెప్పిందే మళ్లీ చెబుతోంది. పేరా మూడు అడుగులు ముందుకేసింది, ఇది వెనక్కి లాక్కుపోతుంది. చదువుతుంటే నిజమే అనిపిస్తుంది కాబట్టి దీనికి ఎక్కువమంది పడతారు. రెండోది చెరువుల గురించే, కానీ పేరా సంగతి పర్యాటకం కాదు. నాలుగోది అయితేతో మొదలవుతుంది, మలుపు తిరగడానికి కారణం పేరాలో లేదు, పైగా 'అంతా', 'పూర్తిగా' అనే గట్టి మాటలు. ఆల్, నెవర్, ఓన్లీ, ఎంటైర్‌లీ ఉన్న ఆప్షన్‌ను అనుమానించాల్సిందే, కానీ పేరా స్వరం కూడా అంత గట్టిగా ఉంటే మాత్రం తీసేయొద్దు. ఐదోదాంట్లో 'ఇలాంటి రాతి కట్టడాలు' అన్నాడు. ఏవి? పేరాలో రాయి అన్న మాటే లేదు. దిస్, దీజ్, సచ్, దే ఎక్కడ కనిపించినా "ఏది? ఎవరు?" అని అడుగు. జవాబు పై వాక్యంలో దొరక్కపోతే ఆప్షన్ కొట్టెయ్యి. ఈ ఒక్క ప్రశ్నతోనే చాలాసార్లు రెండు ఆప్షన్లు పోతాయి.

మిగిలింది మూడోది. గొలుసు, ఒక చెరువు తెగితే అందరికీ నష్టం, కాబట్టి అందరిదీ కలిపి చూడాలి. మూడు మెట్లు ఎక్కినవాడు నాలుగోది ఎక్కాడు.

ఖాళీ పేరా మధ్యలో ఉంటే పద్ధతి కొంచెం మారుతుంది. అప్పుడు ఖాళీ కింది వాక్యమే ముందు చదవాలి. "రామప్ప గుడి నిర్మాణం 1213లో మొదలైంది. ____. ఈ ఇటుకల వల్ల పైకప్పు బరువు బాగా తగ్గింది." మూడు ఆప్షన్లు అనుకో: 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది, పునాదిలో ఇసుకను వాడారు, విమానానికి (గర్భగుడి మీది గోపురానికి) సన్న రంధ్రాలుండే తేలికైన ఇటుకలు వాడారు. మూడూ నిజాలే. వరంగల్ పిల్లలకు మూడూ తెలుసు, అదే ఇక్కడ ముప్పు. ఏది నిజమని అడగడం లేదు, ఏది అతుకుతుందని అడుగుతున్నారు. "ఈ ఇటుకలు" అన్న మాటకు పైన ఇటుకలు ఉండి తీరాలి. నీకు బయట తెలిసినదంతా పరీక్ష హాలు గేటు దగ్గరే చెప్పులతో పాటు వదిలెయ్యి.

దీనికి పైసా ఖర్చులేని ప్రాక్టీస్ ఒకటుంది. ఇంగ్లిష్ న్యూస్‌పేపర్ పాతది తీసుకో, గ్రంథాలయంలో అయితే కాగితం అడ్డం పెట్టుకో, మడిస్తే ఊరుకోరు. ఒక వ్యాసంలో పేరా తీసుకొని చివరి వాక్యం మూసి మిగతాది చదువు. చివర్లో ఏం వస్తుందో తెలుగులో ఒక్క ముక్క రాసుకో: ఫలితమా, ఉదాహరణా, మలుపా, సలహానా. తీసి చూడు. రోజుకు ఐదు పేరాలు, పావుగంట. నువ్వు రాసిన మాటలే రావాలని లేదు, రకం కలిస్తే చాలు. మొదట్లో ఎడిటోరియల్ జోలికి పోకు, క్లర్క్ పరీక్షకు అంత బరువు అక్కర్లేదు, పైగా అర్థంకాక వారానికే మానేస్తావు. సైన్స్, ఆరోగ్యం, వ్యవసాయం మీద వచ్చే వ్యాసాలతో మొదలుపెట్టు. మూడు వారాలయ్యాక ఎడిటోరియల్.

ఇంక టైము, నెగటివ్ లెక్క. ఐబీపీఎస్ క్లర్క్ ప్రిలిమ్స్‌లో ఇంగ్లిష్ 30 ప్రశ్నలు, 20 నిమిషాలు, తప్పుకు పావు మార్కు కోత. ప్రశ్నకు సగటున 40 సెకన్లు. ఒక ఖాళీకి 25 నుంచి 30, రెండు ఖాళీలకు 40, పేరా కంప్లీషన్‌కు ఒక నిమిషం పావు దాకా ఇవ్వొచ్చు. పెద్ద ప్యాసేజ్ చివరికి పెట్టుకో. ఐదు ఆప్షన్లుంటే ఐదు ప్రశ్నలు గుడ్డిగా పెట్టినా సగటున ఒకటి తగులుతుంది, ఒక మార్కు. నాలుగు పోతాయి, ఒక మార్కు కోత. చేతికి సున్నా. ఒక్క ఆప్షన్ ఖాయంగా తీసేయగలిగితే లెక్క నీ వైపు తిరుగుతుంది. రెండు తీసేస్తే పెట్టకుండా వదలడమే తప్పు. సీహెచ్ఎస్ఎల్ టైర్-1లో ఇంగ్లిష్ 25 ప్రశ్నలు, 50 మార్కులు, తప్పుకు అర మార్కు. నాలుగే ఆప్షన్లు కాబట్టి గుడ్డిగా పెట్టినా కాస్త మిగులుతుంది. టైర్-2లో ప్రశ్నకు 3, తప్పుకు 1 కోత, అక్కడ గుడ్డిగా పెడితే సున్నాకు సున్నా.

ప్రాక్టీస్ నోట్‌బుక్ ఇట్లా పెట్టు. పేజీని నాలుగు గళ్లు చెయ్యి: వాక్యంలో ఆధారంగా ఉన్న మాట, నేను పెట్టింది, రావాల్సింది, కోడ్. కోడ్‌లు ఐదే. 'మ' అంటే మలుపు మాట చూడలేదు, 'గ్రా' గ్రామర్ గేటు, 'జో' జోడీ తెలియదు, 'అ' అర్థమే తెలియదు, 'తొ' తొందర. సరైన జవాబు పెట్టినా మిగతావి ఎందుకు కావో చెప్పలేకపోతే దాన్ని కూడా తప్పు కిందే రాసుకో. ఇదే అందరూ ఎగ్గొట్టేది. జవాబు కీ చూసి "ఓహో ఇదా" అనుకొని పేజీ తిప్పేస్తే నెల తర్వాత అదే ప్రశ్నకు అదే తప్పు పెడతావు. రోజుకు వంద ప్రశ్నలు చేసి ఇట్లా తిప్పేసేవాడి కంటే పదిహేను చేసి పదిహేనింటికీ కారణం రాసినవాడు ముందుంటాడు.

మొదటి రెండు వారాలు టైమర్ పెట్టకు. రోజుకు 15 ఖాళీలు, 5 పేరాలు. రెండో వారం చివర కోడ్‌లు లెక్కపెట్టు. 'జో' ఎక్కువుంటే గోడ మీది కాగితం, ప్రిపోజిషన్లు. 'మ' ఎక్కువుంటే వారం పాటు ప్రతి వాక్యంలో మలుపు మాట కింద గీత గీశాకే జవాబు పెట్టాలి. 'అ' ఎక్కువుంటే అప్పుడు పదాలు చదువు, తిట్టను. మూడో వారం నుంచి పది ప్రశ్నలు ఆరు నిమిషాల్లో చొప్పున సెట్లు, ఐదో వారం నుంచి 20 నిమిషాల పూర్తి సెక్షన్ రోజు విడిచి రోజు. సెక్షన్ రాయని రోజు దాని తప్పులు చూసుకోవడమే పని. చివరి వారం కొత్త ప్రశ్నలు వద్దు, నోట్‌బుక్ చాలు.

ప్రశ్నలు ఎక్కడివో చూసుకో. ఎస్ఎస్‌సీ తన పేపర్లను ఆన్సర్ కీతో బయట పెడుతుంది, కాబట్టి ఆ పాత ప్రశ్నలు అచ్చంగా పరీక్షలో వచ్చినవే. ఖాళీలకు వాటితోనే మొదలుపెట్టు. బ్యాంకు ప్రిలిమ్స్‌వి మెమరీ బేస్డ్ పేరుతో తిరుగుతాయి. రాసొచ్చినవాళ్లు గుర్తుపెట్టుకొని చెబితే ఎవరో అల్లినవి, ఆప్షన్లు సరిగా ఉండవు. వాటిలో రెండు జవాబులు కరెక్ట్ అనిపిస్తే తల పగలగొట్టుకోకు, చాలాసార్లు తప్పు ప్రశ్నదే. హైదరాబాద్ కోచింగ్ సెంటర్ల అడ్డా అశోక్‌నగర్ నుంచి వచ్చిన జిరాక్స్ మెటీరియల్ అని అమ్మేవాటిలో కీ తప్పులు చాలా ఉంటాయి. కీ చెప్పిందానికి నీకు కారణం దొరక్కపోతే డిక్షనరీలో ఉదాహరణ వాక్యం చూసుకో. తెలుగు అర్థం ఇచ్చే డిక్షనరీ కాదు, వాక్యాలిచ్చే లర్నర్స్ డిక్షనరీ.

గ్రూప్-1 సంగతి. మెయిన్స్‌లో జనరల్ ఇంగ్లిష్ 150 మార్కుల పేపర్, క్వాలిఫైయింగ్ మాత్రమే, ర్యాంకుకు కలవదు. అక్కడ రాయాల్సినవి ఎక్కువ. గోడ మీది కాగితం దానికి బాగా పనికొస్తుంది, ఎందుకంటే ఆ తప్పులే నీ రాతలోనూ వస్తాయి. పేరా మూసి చదివే అలవాటు ప్రెసీకి (ప్యాసేజ్‌ను కుదించి రాయడానికి) పనికొస్తుంది. ఆప్షన్లు తీసేసే నేర్పు మాత్రం అక్కడ పనికిరాదు, రోజుకు ఒక పేజీ చేత్తో రాసి ఎవరితోనైనా దిద్దించుకోవాలి. రైల్వే ఎన్‌టీపీసీ కూడా రాస్తుంటే, అందులో ఇంగ్లిష్ సెక్షనే లేదు, ఆ పరీక్ష ముందు పది రోజులు ఇదంతా ఆపేసి మ్యాథ్స్ చూసుకో.